ఒక సోదరి, అయిజ

ఆమె పోయిందని మా ఆడబిడ్డ ఫోన్లో చెప్పినప్పుడు నేను బెండకాయలు తరుగుతున్నాను. "అయ్యో, ఎప్పుడు?" అన్నాను, ఎవరి చావు విన్నా అనేటట్టుగానే. ఫోను పెట్టేశాక మొదట కలిగింది దుఃఖం కాదు. ఇక ఈ సంగతి తెలిసినవాళ్లం లోకంలో మా ఆయన, నేను, ఇద్దరమే మిగిలామన్న నిశ్చింత. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వెంటనే రాలేదు. తరగడం పూర్తయ్యాక వచ్చింది.

ఆమె పేరు రాయను. ఆమె బతికుండగానే ఊరు ఆమె పేరు తీసేసి ఇంకో పేరు పెట్టింది. అందులో నా చెయ్యి ఉంది.

అయిజలో గద్వాల రోడ్డు మీద, ఎరువుల దుకాణాల వరస చివర ఆమె కుట్టు దుకాణం ఉండేది. రాయచూరు వైపు నుంచి వచ్చిన మనిషి. మాటకు ముందొక "సాకు", వెనకొక "సాకు". కన్నడంలో చాలు అని. కొలతలు తీసేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకున్న ఆడవాళ్లను వీపు మీద చరిచి, "సాకు, ఇడువు, దాస్తె దాగుతదా?" అనేది. పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది. ఒక్కటీ జారేది కాదు. పెళ్లికి జాకెట్టు బిగుతుగా కుట్టమని అడిగిన ఒకావిడతో, "బిగువు గుడ్డల రాదమ్మ, ఉంటె లోపలుండాలె" అంది, పదిమంది ముందు. ఆవిడ ఏడుస్తూ వెళ్లిపోయింది. మేం నవ్వాం. ఆ దుకాణంలో మధ్యాహ్నాలు కూర్చోవడమంటే ఒకరు ఏడిస్తే మిగిలినవాళ్లు నవ్వడమే. నేను రోజూ వెళ్లేదాన్ని. ఆమె చదవగలిగేది కానీ రాయలేకపోయేది. సంతకం దాకా వచ్చు, అంతే. ఇంటర్ చదివానని కొలతల పుస్తకం నాతో రాయించేది. ఈ సంగతి బయటికి పొక్కకూడదు. ఎవరైనా అడిగితే, "నా చెయ్యి కత్తెర మీదుంది, పిల్ల రాస్తది" అని దబాయించేది.

గురువారం పొద్దుటి బస్సుకు వారపత్రికలు వచ్చేవి. మగవాళ్లు సిగరెట్లు కొనుక్కునే కొట్టు దగ్గర, నడి బస్టాండులో నిలబడి ఆమె పత్రిక కొనేది. అట్ట మీద తడిచీర హీరోయిన్ ఉన్నా చంకలో దాచుకునేది కాదు. మా ఊళ్లో ఆ పత్రిక కొనే ఆడమనిషి ఆమె ఒక్కతే. అన్నం తిన్నాక దుకాణంలో అందరికీ చదివి వినిపించేది. సీరియళ్లు వదిలేసేది. ముందు తీసేది డాక్టరుగారి పేజీ. పడకటింటి సందేహాలకు సమాధానాలు ఉండే పేజీ.

ఆమె చదువుతుంటే ఉత్తరాలు రాసినవాళ్లు మా మధ్య కూర్చుని ఏడుస్తున్నట్టే ఉండేది. చిన్న గొంతు పెట్టి, ముక్కు చీది, ఒక్కొక్కరిని ఆడించేది. తర్వాత డాక్టరు గొంతు, మెత్తగా, వెన్నలా. ఒకసారి "దాంపత్యంలో కొత్తదనం" అని చిట్కాలు వేశారు. గదిలో కొవ్వొత్తులు వెలిగించుకోవాలట. "దినాం కరెంటు పోతనే ఉంది గద," అంది, "గట్లయితె అయిజంత సుఖపడుతుండాలె." పక్కన బొమ్మ ఉంది. దోమతెర మంచం, గులాబీ రేకులు, తల వంచుకున్న పట్టుచీర పిల్ల. "ఎవరింట్ల ఉందే గీ మంచం? మీ ఇంట్ల ఉందా? మీ అత్త యాడ పంటది మరి, దాని కిందనా?" అని నన్నే అడిగింది. నేను నవ్వాను. మా ఇంట్లో పడకగదే లేదు. ఉన్న ఒక్క గదిలో సగం విత్తనాల సంచులు, మిగతా సగంలో తెర కట్టి ఇవతల మేము, అవతల మా అత్త.

ఆమె భర్త బొంబాయిలో మేస్త్రీ. దసరాకొకసారి, ఉగాదికొకసారి వచ్చేవాడు. వచ్చిన రోజు దుకాణం షటరు దిగేది. మూడు రోజులు లేచేది కాదు. నాలుగో రోజు ఆడవాళ్లు కావాలని అడిగేవాళ్లు. "ఏందక్కా, జరమొచ్చిందా?"

"జరమే. మూడు దినాలకు తగ్గింది," అనేది దారం పంటితో తెంపుతూ. ఆ నాలుగో రోజు ఒక్కటీ ఆమె ఎవరినీ ఏడిపించేది కాదు. పెళ్లయి పదేళ్లు, పిల్లల్లేరు. దాని గురించి ఎవరైనా జాలిపడబోతే మాత్రం సూదులు బయటికి వచ్చేవి.

నా సంగతి చెప్పాలి. నాకు పెళ్లయి అప్పటికి రెండేళ్లు. మా అత్తవాళ్లది సీడు పత్తి, కంపెనీకి విత్తనాల కోసం పండించేది. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గల్లోంచి మగ భాగాన్ని గోటితో ఒలిచేయాలి, మర్నాడు పొద్దున మగ మొక్కల పూలు తెచ్చి వాటికి అద్దాలి. పొద్దస్తమానం పూలకు కాపురాలు పెట్టే పని. నా కాపురం మాత్రం మొదలే కాలేదు. మా ఆయన దగ్గరికి వచ్చేవాడు, నొప్పి తగిలినవాడిలా ముఖం పెట్టేవాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. అడిగితే కసిరేవాడు. అమ్మకు చెబితే "అన్నీ సర్దుకుంటయ్" అంది. అత్తేమో ప్రతి నెలా నా ముఖం చూసి నిట్టూర్చేది. ఇంకెవరికి చెప్పాలి?

డాక్టరుగారికి రాశాను. దుకాణంలో జాకెట్లు చుట్టడానికి పెట్టిన పాత పత్రికల్లోంచి, చిరునామా ఉన్న ముక్క చింపుకొచ్చాను. ఆయన నొప్పి సంగతి రాశాను. లోపం నాలో ఉందా అని అడిగాను. పేరు, ఊరు వేయకండని రెండుసార్లు గీత గీసి మరీ రాశాను. నన్నెవరూ గుర్తుపట్టకూడదని పెళ్లయి పదేళ్లయిందని అబద్ధం రాశాను. పదేళ్లన్న లెక్క ఎక్కడి నుంచి తోచిందో అప్పుడు ఆలోచించలేదు. గద్వాలకు పోయినప్పుడు పోస్టు చేశాను.

రెండు నెలలు గడిచాయి. ఒక గురువారం ఆమె అలవాటుగా ఆ పేజీ తీసింది. రెండో వాక్యానికే అది నా ఉత్తరమని తెలిసిపోయింది. ఆమె చిన్నగొంతు పెట్టి చదువుతోంది. "డాక్టరుగారూ, మా పెళ్లయి పదేళ్లయింది. ఇంతవరకూ ఆయన నన్ను భార్యగా చూడలేదు..." ముక్కు చీదింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. నవ్వకపోతే తెలిసిపోతుందని భయం. నొప్పి మాట అచ్చులో లేదు. స్థలం చాలక తీసేసి ఉంటారు. డాక్టరుగారి జవాబు మాత్రం పొడుగ్గా ఉంది.

"సోదరీ, అధైర్యపడకండి. పని ఒత్తిడిలో భర్తలు ఒక్కోసారి ఇలా ఉంటారు. ముందు మిమ్మల్ని మీరు పరిశీలించుకోండి. పెళ్లయిన కొత్తలో ఉన్న అలంకరణ ఇప్పుడుందా? సాయంత్రం తలస్నానం చేసి, ఆయనకిష్టమైన రంగు చీర కట్టి, మల్లెలు తురుముకుని చిరునవ్వుతో ఎదురెళ్లండి. బరువు పెరిగి ఉంటే తగ్గించుకోండి."

"పదేండ్ల సంది పండుకున్నోడు మల్లెపూలకు లేస్తడా!" అంది ఆమె. మళ్లీ నవ్వులు. అప్పుడు కింద సన్న అక్షరాలు కూడా అదే ఊపులో చదివేసింది.

"ఒక సోదరి, అయిజ."

నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది. మిషను పక్కన కూర్చున్న ఒకావిడ నెమ్మదిగా అంది. "మనూర్ల ఈ పుస్తకం కొనేటిదానివి నువ్వొక్కదానివే గదక్కా. పెండ్లయి పదేండ్లు గూడ నీదే."

ఆమె నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకు గుచ్చింది. పాత పత్రికల కట్ట వైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. నేను కొలతల పుస్తకంలోకి తల దించాను. "నాకు రాసుడు రాదు" అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆమె అనలేదు. "ఆమెకు రాయడం రాదు" అని నేనన్నా అయిపోయేది. నేనూ అనలేదు.

"సాకు, లేవున్రి. నాకు పనుంది," అంది.

ఊరికి ఇంకేం కావాలి? వారం తిరిగేలోపు ఆమె పేరు "సోదరి" అయింది. దుకాణం ముందు నుంచి పోతూ, "సోదరీ, అధైర్యపడకండి" అని అరిచేవాళ్లు. షటరు మీద ఎవరో బొగ్గుతో మల్లెపూల దండ గీశారు. ఆ మూడు రోజుల షటరుకు కూడా కొత్త అర్థం పుట్టింది. "లోపల ఇద్దరు కూసొని ఏడ్సుకుంటుండిరన్నట్టు," అన్నారు. ఆమె తిడితే ఇదివరకు భయపడ్డవాళ్లు ఇప్పుడు నవ్వుతున్నారు. ఆమె ఏడిపించిన ఆడవాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చి, జాకెట్టు కొలత ఇస్తూ, "మల్లెపూలు పెట్టలేదేందక్కా?" అని అడిగి పోయారు. కొంతమందైతే అందుకోసమే జాకెట్టు కుట్టించుకున్నారు.

ఎరువుల దుకాణం దగ్గర మగవాళ్లకు ఆ పేజీ గొంతెత్తి చదివి వినిపించింది మా ఆయన. "టైలరామెదే, చూడున్రి, మేస్త్రీ పని ఏందో బయటపడ్డది" అని మొదట అన్నదీ ఆయనే. ఈ సంగతి విన్నప్పుడు నాకర్థమైంది, ఆయన తనను తాను గుర్తుపట్టాడని. ఇంట్లో మాత్రం నన్నొక్క మాట అడగలేదు. ఆ ఆదివారం సీడు కంపెనీ మీటింగని చెప్పి కర్నూలు పోయాడు. మూడో రోజు కాళ్లు ఎడంగా వేసి నడుచుకుంటూ వచ్చాడు. బండి మీది నుంచి పడ్డానన్నాడు. తర్వాత అంగీ జేబులో దవాఖాన చీటీ దొరికింది. ముందు చర్మం బిగుతు. పావుగంట ఆపరేషను. రెండేళ్లు నేను ఏడ్చింది ఆ పావుగంట కోసం. ఆ పేజీలో మాత్రం డాక్టరు నన్ను తలస్నానం చేయమన్నాడు.

మరుసటి నెల నుంచి మేము అందరిలాంటి మొగుడూ పెళ్లాలమయ్యాం.

ఉగాదికి ఆమె భర్త వచ్చాడు. బస్సు దిగగానే ఎవరో అడిగారట, "ఏం మేస్త్రీ, బొంబాయిల దవాఖానలు లేవా?" అని. ఆ సాయంత్రం ఆయన మా చేనుకు వచ్చాడు. మేము పత్తి కట్టె పీకుతున్నాం. ఎత్తు మనిషి. అరచేతులు సిమెంటుకు పగిలి, బూడిదరంగులో ఉన్నాయి. మా ఆయన వైపు చూడకుండా నాతోనే మాట్లాడాడు.

"చెల్లె, ఒక్క మాట అడుగుత. మా ఆమెకు రాసుడు రాదు. నాకు తెల్సు. కొలతలు నువ్వే రాస్తవంట గద. ఆ జాబు ఆమె చెప్తె నువ్వు రాసిచ్చినవా?"

కాదంటే, మరి ఎవరు రాశారన్న ప్రశ్న ఆ చేనులోనే నిలబడుతుంది. నేను నోరు తెరవకముందే మా ఆయన అందుకున్నాడు.

"రాసిచ్చి ఉంటదన్నా. ఆమె చెప్పింది, ఇది రాసింది. చిన్నపిల్ల, దీనికేం తెల్సు."

ఇద్దరూ నావైపు చూశారు. మా ఆయన కళ్లలో బతిమాలడం ఉంది. పెళ్లయ్యాక ఆయన నన్ను బతిమాలింది అదొక్కసారే. నేను తల ఊపాను.

 మేస్త్రీ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మేం మంచిగనే ఉన్నమనుకున్న," అన్నాడు. తిట్టలేదు, అరవలేదు. నేరుగా బస్టాండుకు పోయి, దొరికిన బస్సు ఎక్కాడు. మళ్లీ అయిజకు రాలేదు.

ఆమె ఇంకో రెండు వారాలుంది. చివరికి మిషను, మూటలు ఆటోలో వేసుకుని పోతూ మా ఇంటి ముందు ఆపించింది. నేను గడపలో నిలబడి ఉన్నాను, వేవిళ్లతో. కింది నుంచి పైదాకా కొలత తీసినట్టు చూసింది.

"ఏం పిల్లా, పనైనట్టుంది గద."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"పుస్తకంల ముక్క చింపినప్పుడే చూసిన. పోనీలే అనుకున్న. ఊరికి చెప్పకపోతివి, సరే. నేను గూడ చెప్పలే. రాసుడు రాదని అయిజంత తెల్వాల్నా నాకు?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "చేన్ల తలూపినవంట గద. మా ఆయనకెందుకు చెప్పినవే గట్ల?"

జవాబు కోసం నిజంగానే ఎదురుచూసింది. ఆటోవాడు హారన్ కొట్టాడు. నేను లోపలికి పోయి వాంతి చేసుకున్నాను. బయటికి వచ్చేసరికి ఆటో లేదు.

తర్వాత పిల్లల చదువులకని మేము వనపర్తికి మారాం. ఆమె అయిజ విడిచి పన్నెండేళ్లు గడిచాయి. నాగర్‌కర్నూలులో చుట్టాలింటికి పోయినప్పుడు, స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో ఆమె కనిపించింది. జుట్టు నెరిసింది. మెడలో టేపు అలాగే ఉంది. దాటిపోదామనుకున్నాను.

"రా, కూసో. ఎన్నడన్న వస్తవనే అనుకుంటున్న," అంది.

క్షమించమని అడగడానికి మాటలు కూడదీసుకుంటున్నాను. ఆమె నాకా అవకాశం ఇవ్వలేదు. బల్ల మీద తెల్లకాగితం, పెన్ను పెట్టింది.

"ఆయన చచ్చిపోయిండు. మొన్న బొంబాయిల పరంజ మీదికెల్లి పడ్డడు. వాళ్లూరికి తెచ్చిన్రు, నేను పోయిన. పీనుగ కాడ గూడ ఒకడు నవ్విండే. 'పాపం, సోదరి మొగడు' అన్నడు. గందుకు రాయాలె. నువ్వు రాస్తె వాళ్లు అచ్చేస్తరు. ఎయ్యలేదా ముందు?"

ఆమె చెప్పింది, నేను రాశాను. ఈసారి నిజంగానే.

"డాక్టరుగారికి. నా పేరు, ఊరు వెయ్యండి. ఇంటి నంబరు గూడ వెయ్యండి. అయిజ సోదరి జాబు నేను రాయలే. నా పెనిమిటి మంచిగుండె. ఏడాదికి రెండుసార్లొచ్చెటోడు. చేతులు సిమెంటుకు గరుకుగుండె. నాకు గీరుకుంటదని కొబ్బరినూనె రాసుకొని, మెత్తగయ్యేదాంక కూసొని ముచ్చట చెప్పెటోడు. గప్పటిదాంక నన్ను ముట్టకపోతుండె. నేనే ఆగకపోతుంటి. నాకు ఏ కొదువ చెయ్యలే."

ఆగింది. నేను పెన్ను ఎత్తి, "ప్రశ్న ఏం రాయాలక్కా?" అన్నాను.

"ప్రశ్న లేదు."

"ఆ పేజీల ప్రశ్నలే వేస్తరు."

"ఎందుకు? మంచిగున్నోళ్లది ఎయ్యరా?" అంది చిరాగ్గా. కింద సంతకం చేసింది. నాలుగు అక్షరాలు, ఒక్కొక్కటీ కుట్టువేసినట్టు. కవరు అంటించి నా చేతిలో పెట్టింది. "చిరునామా నీకు ఎరుకే గద. నువ్వే డబ్బల ఎయ్యి."

వనపర్తి బస్సు ఎక్కాక దాన్ని విప్పి మళ్లీ చదివాను. ఆమె రాయలేదని అచ్చయితే, ఎవరు రాశారని అయిజ మళ్లీ వెతుకుతుంది. నా కూతురికి పదకొండేళ్లు. మా ఆయన ఇప్పుడు నలుగురిలో పెద్దమనిషి. నాకు సాకులు చాలా దొరికాయి. దారిలో కిటికీలోంచి చిన్న చిన్న ముక్కలుగా వదిలేశాను. కొబ్బరినూనె మాట ఉన్న ముక్క ఒకటి కిటికీ చువ్వకు అతుక్కుని కాసేపు ఊగింది. దాన్ని వేలితో తోసేశాను.

ఆరు నెలల తర్వాత అదే చుట్టాలింట్లో శుభకార్యం. పోకుండా ఉండలేకపోయాను, ఆ దుకాణం ముందు నుంచే నడవక తప్పలేదు. ఆమె నన్ను చూడగానే మిషను ఆపింది. కళ్లల్లో పొర వచ్చింది, సన్న అక్షరాలు ఆనడం లేదంది. పక్కన ఆ వారం పత్రిక ఉంది. దాని కింద ఇంకా చాలా ఉన్నాయి, అంచులు సరిచేసి వరసగా.

"ఏసినవా?" అంది.

"వేసిన."

"ఇంక రాలే."

"వాళ్లకు శాన వస్తయక్కా. వరసల ఉంటది."

"ఉంటది లే," అని నమ్మింది. ఊర్లో అందరినీ సూదులతో గుచ్చిన మనిషి, నా మాట నమ్మింది. పత్రిక నావైపు జరిపింది. "జర చూడు. ఈ వారం ఒచ్చిందేమో."

నేను బల్ల మీద కూర్చున్నాను. డాక్టరుగారి పేజీ తీశాను. మొదటి ఉత్తరం, రెండోది, మూడోది. ఒక్కొక్కదాని కింద వేలు పెట్టి, ఊరి పేరు పైకి చదువుకుంటూ వెతికాను. ఆమె ముందుకు వంగి వింటోంది. పేజీ చివరిదాకా పోయాను.

"లేదక్కా."

"ఎనక పేజీ గూడ చూసినవా?" అంది.

నేను పేజీ తిప్పాను.